ఫోన్, కంప్యూటర్ మొరాయిస్తే ఏం చేయాలి: రీసెట్‌కు ముందు వరుసగా చూడవలసినవి

ఫోన్ నెమ్మదించినా, కంప్యూటర్ హ్యాంగ్ అయినా, నెట్ రాకపోయినా ముందుగా చెవిన పడే సలహా ఒక్కటే: ‘రీసెట్ కొట్టేయండి, అంతా సర్దుకుంటుంది.’ రీసెట్ అంటే పరికరంలో ఉన్నవి తుడిచి, దాన్ని మొదటి స్థితికి తేవడం. ఆ సలహా ఇచ్చినవారికి పోయేదేమీ ఉండదు. పాటించినవారికి మాత్రం ఏళ్ళ తరబడి తీసుకున్న ఫొటోలు, ఎక్కడా రాసిపెట్టుకోని నంబర్లు, బ్యాంకు యాప్‌ల లాగిన్లు ఒక్క దెబ్బతో పోవచ్చు. రోజూ ఎదురయ్యే ఇబ్బందుల్లో చాలావాటికి రీసెట్ అవసరమే లేదు. లోపం ఎక్కడుందో ముందు తేల్చుకుని, తేలికైన పనితో మొదలుపెట్టి, చేశాక వెనక్కి తీసుకోలేని పనిని చిట్టచివరకు ఉంచుకుంటే, చాలా సందర్భాల్లో మీరే సరిచేసుకోగలుగుతారు.

లోపం ఎక్కడుందో తేల్చుకోవడం

ఏ సెట్టింగూ ముట్టుకోకముందు మూడు సంగతులు గమనించండి. ఇబ్బంది ఒక్క యాప్‌లోనే వస్తోందా, అన్నింటిలోనూ వస్తోందా? మీ ఫోన్‌లోనే ఉందా, అదే వైఫైకి కలిపిన మరో ఫోన్‌లోనూ ఉందా? ఇది మొదలయ్యే ముందు ఏం మారింది: కొత్త యాప్ వేశారా, అప్‌డేట్ అయిందా, ఛార్జర్ మార్చారా, ఫోన్ కింద పడిందా? ఒక్క యాప్ మాత్రమే ఆగిపోతూ మిగతావన్నీ బాగా నడుస్తుంటే తప్పు ఫోన్‌ది కాదు. ఆ యాప్‌ను అప్‌డేట్ చేయడమో, దాని క్యాష్ (వేగం కోసం యాప్ దాచుకునే తాత్కాలిక ఫైళ్ళు) తుడిచివేయడమో, తీసేసి మళ్ళీ వేసుకోవడమో చాలు. అయితే తీసేసేముందు అందులోని సమాచారం మీ ఖాతాలో భద్రంగా ఉందో, ఫోన్‌లో మాత్రమే ఉందో తప్పకుండా చూసుకోవాలి. క్యాష్ తుడిస్తే నష్టం లేదు. దాని పక్కనే ఉండే ‘క్లియర్ డేటా’ లేదా ‘క్లియర్ స్టోరేజ్’ నొక్కితే మాత్రం యాప్‌లో ఫోన్‌కే పరిమితమైనదంతా పోతుంది. ఈ రెండు బటన్లూ ఒకే తెర మీద ఉండడం వల్ల తొందరలో పొరపడే వీలు ఎక్కువ కాబట్టి, నొక్కేముందు పేరు నిదానంగా చదవండి.

తెర మీద ఏదైనా సందేశం కనిపిస్తే దాన్ని మూసేయకుండా, మరో ఫోన్‌తో ఫొటో తీసి పెట్టుకోండి. ‘ఏదో ఎర్రర్ వచ్చింది’ అని చెబితే ఎంత అనుభవజ్ఞుడైనా ఊహించడం తప్ప మరేమీ చేయలేడు, కానీ సందేశంలోని మాటలూ అంకెలూ ఉన్నవి ఉన్నట్లు చేతిలో ఉంటే సగం దారి నడిచినట్లే. అలాగే ఒకసారికి ఒక్క మార్పే చేసి ఫలితం చూడండి. ఒకే ఊపులో నాలుగైదు సెట్టింగులు మార్చేస్తే, బాగైనా దేనివల్ల బాగైందో తెలియదు, పాడైనా దేనివల్ల పాడైందో తెలియదు.

రీస్టార్ట్ ఎందుకు పనిచేస్తుంది

రీస్టార్ట్ చేయమంటే మాట దాటవేస్తున్నారని కొందరు అనుకుంటారు. అది సరైన అభిప్రాయం కాదు. మనం మూసేశామనుకున్న యాప్‌లు, మధ్యలో ఆగిపోయిన పనులు ర్యామ్‌ను, అంటే నడుస్తున్న పనుల కోసం వాడే తాత్కాలిక మెమరీని, ఆక్రమించుకుని ఉంటాయి. రీస్టార్ట్ వాటన్నింటినీ ఖాళీ చేసి, వ్యవస్థను మొదటినుంచి నడిపిస్తుంది.

విండోస్ కంప్యూటర్ల విషయంలో ఇక్కడ ఒక ముఖ్యమైన తేడా ఉంది. విండోస్ 10, 11లలో ‘ఫాస్ట్ స్టార్టప్’ అనే ఏర్పాటు చాలా కంప్యూటర్లలో ముందునుంచే ఆన్‌లో ఉంటుంది. అది ఆన్‌లో ఉన్నప్పుడు మీరు షట్‌డౌన్ నొక్కితే, విండోస్ తన లోపలి భాగాన్ని పూర్తిగా మూసేయకుండా డిస్క్ మీద దాచుకుని, మరుసటి సారి అక్కడినుంచే తెరుచుకుంటుంది. అందువల్ల రోజూ రాత్రి షట్‌డౌన్ చేసి పొద్దున్నే ఆన్ చేసేవారి కంప్యూటర్ కూడా నిజానికి చాలా రోజులుగా ఆగకుండా నడుస్తున్నట్లే లెక్క. నమ్మకం కుదరకపోతే కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలు మూడూ కలిపి నొక్కి టాస్క్ మేనేజర్ తెరిచి, పెర్ఫార్మెన్స్ విభాగంలో సీపీయూ (ప్రాసెసర్) కింద ‘అప్ టైమ్’, అంటే ఆగకుండా నడిచిన సమయం, ఎంత ఉందో చూడండి. ‘రీస్టార్ట్’ ఎంచుకుంటే మాత్రం అంతా పూర్తిగా మూతపడి కొత్తగా మొదలవుతుంది. కాబట్టి విండోస్‌లో ఇబ్బంది వచ్చినప్పుడు షట్‌డౌన్ చేసి ఆన్ చేయడం కాకుండా రీస్టార్ట్ చేయాలి.

ఫోన్ తాకినా స్పందించనంతగా బిగుసుకుపోతే బలవంతంగా రీస్టార్ట్ చేయవచ్చు. సామ్‌సంగ్ వంటి కొన్ని ఆండ్రాయిడ్ ఫోన్లలో పవర్ బటన్‌నూ వాల్యూమ్ తగ్గించే బటన్‌నూ కలిపి, ఫోన్ ఆరి మళ్ళీ వెలిగేదాకా నొక్కి పట్టుకోవాలి. ఐఫోన్ 8, ఆ తరువాత వచ్చిన మోడళ్ళలో వాల్యూమ్ పెంచే బటన్ నొక్కి వదిలి, వెంటనే తగ్గించే బటన్ నొక్కి వదిలి, ఆపైన పక్క బటన్‌ను ఆపిల్ గుర్తు కనిపించేవరకు పట్టుకోవాలి. దీనివల్ల ఫోన్‌లో దాచుకున్నవేవీ పోవు.

రీస్టార్ట్ తరువాత కూడా ఆండ్రాయిడ్ ఫోన్ సతాయిస్తుంటే సేఫ్ మోడ్‌లో పెట్టి చూడండి. చాలా ఫోన్లలో పవర్ మెనూ తెరిచి, ‘పవర్ ఆఫ్’ మీద వేలు కొద్దిసేపు అలాగే ఉంచితే ఆ ఎంపిక వస్తుంది. అందులో మీరు వేసుకున్న యాప్‌లు పనిచేయవు, ఫోన్‌తో వచ్చినవి మాత్రమే నడుస్తాయి. సేఫ్ మోడ్‌లో ఫోన్ చక్కగా నడిచిందంటే దోషం మీరు వేసుకున్న యాప్‌లలో ఏదో ఒకదానిది. మామూలుగా రీస్టార్ట్ చేసి, ఇటీవల వేసిన యాప్‌తో మొదలుపెట్టి ఒక్కొక్కటిగా తీసేస్తూ రండి.

‘స్టోరేజ్ ఫుల్’ అన్నప్పుడు

నేను చూసినంతలో ఫోన్ నెమ్మదించడానికి అన్నింటికంటే ఎక్కువగా కనిపించే కారణం ఇదే. స్టోరేజ్ దాదాపు నిండిపోయినప్పుడు ఫోన్‌కు తాత్కాలిక ఫైళ్ళు రాసుకోవడానికి చోటుండదు. యాప్‌లు మధ్యలో మూసుకుపోతాయి, కెమెరా ఫొటో తీయనంటుంది, అప్‌డేట్లు దిగవు. సెట్టింగ్స్‌లో స్టోరేజ్ తెరిచి, ఏ రకం ఫైళ్ళు ఎంత చోటు తింటున్నాయో ముందు చూడండి. చూడకుండా చిన్నచిన్న ఫొటోలు ఏరి తుడవడం వృథా శ్రమ, ఎందుకంటే ఒక్క నిడివైన వీడియో వందలాది ఫొటోలంత చోటు తీసుకుంటుంది.

వాట్సాప్ వాడేవారు ఆ యాప్ సెట్టింగ్స్‌లో ‘స్టోరేజ్ అండ్ డేటా’, ఆపైన ‘మేనేజ్ స్టోరేజ్’ తెరవండి. 5 ఎంబీ కంటే పెద్ద ఫైళ్ళు ఒకచోట, అనేకసార్లు ఫార్వర్డ్ అయినవి మరొకచోట వేరుచేసి ఉంటాయి; ఏ గ్రూపు ఎంత చోటు నింపిందో కూడా వరుసగా కనిపిస్తుంది. పండగ శుభాకాంక్షల వీడియోలు, ఒకే వీడియో పది గ్రూపులనుంచి వచ్చిన కాపీలు అక్కడే బయటపడతాయి. వాటిని తీసేశాక, ఫొటోలూ వీడియోలూ తమంతట తామే డౌన్‌లోడ్ కాకుండా అదే ‘స్టోరేజ్ అండ్ డేటా’ తెర మీద ఆటో డౌన్‌లోడ్ ఆపేయండి. లేకపోతే కొద్ది వారాలకే మళ్ళీ ఇదే స్థితికి వస్తారు.

గూగుల్ ఫొటోస్ విషయంలో చాలామందికి గుండె పగిలే పొరపాటు ఒకటి జరుగుతూ ఉంటుంది. ‘ఎలాగూ బ్యాకప్ అయ్యాయి కదా’ అని ఆ యాప్‌లోనే ఫొటోలు ఎంచుకుని డిలీట్ నొక్కితే, ఫోన్‌లోని కాపీతోపాటు బ్యాకప్‌లోని కాపీ కూడా ట్రాష్‌లోకి పోతుంది. మీకు కావలసింది ఫోన్‌లో చోటు మాత్రమే అయితే ‘ఫ్రీ అప్ స్పేస్’ అనే ఎంపికను వాడండి. అది బ్యాకప్ పూర్తయినవాటినే ఫోన్‌నుంచి తీసివేసి, ఖాతాలోని కాపీని ముట్టుకోకుండా వదిలేస్తుంది. పొరపాటు జరిగిపోయి ఉంటే వెంటనే ట్రాష్ తెరవండి. బ్యాకప్ అయిన ఫొటోలు అక్కడ 60 రోజులు ఉంటాయి. ఐఫోన్‌లో అయితే ‘రీసెంట్లీ డిలీటెడ్’ ఆల్బమ్‌లో 30 రోజుల వరకు దొరుకుతాయి.

గూగుల్ ఖాతాకు ఉచితంగా వచ్చే 15 జీబీ చోటు జీమెయిల్, డ్రైవ్, ఫొటోస్ మూడింటికీ కలిపి ఇచ్చినదన్న సంగతి కూడా గుర్తుంచుకోవాలి. ఫొటోలతో అది నిండిపోతే మెయిల్స్ రావడం ఆగిపోతుంది, ఆ సమయంలో ముఖ్యమైన మెయిల్ ఏదో రాలేదని మీరు మరెక్కడో వెతుకుతూ ఉంటారు.

కంప్యూటర్‌లో ముందుగా చూడవలసింది డౌన్‌లోడ్స్ ఫోల్డర్. దాన్ని సైజు ప్రకారం పేర్చి చూస్తే, ఒకసారి వాడి మరచిపోయిన ఇన్‌స్టాలర్లు పైకి వస్తాయి. విండోస్ సెట్టింగ్స్‌లో సిస్టమ్ కింద స్టోరేజ్‌లో ‘టెంపరరీ ఫైల్స్’ విభాగం ఉంటుంది. అక్కడ తుడిచేముందు డౌన్‌లోడ్స్ పక్కన టిక్ పెట్టి ఉందేమో గమనించి, అందులో మీకు కావలసినవి ఉంటే ఆ టిక్ తీసేయండి. పెన్‌డ్రైవ్‌లోంచి తుడిచినవి సాధారణంగా రీసైకిల్ బిన్‌లోకి రావని, షిఫ్ట్ నొక్కి డిలీట్ చేసినవి అసలే రావని తెలిసి ఉండడం మంచిది.

కంప్యూటర్ కదలనప్పుడు

టాస్క్ మేనేజర్‌లో సీపీయూ, మెమరీ, డిస్క్ అని వరుసగా నిలువు గళ్ళు ఉంటాయి. ఏది 100 శాతానికి దగ్గరగా ఉందో చూసి, ఆ గడి పేరు మీద క్లిక్ చేస్తే దాన్ని ఎక్కువగా వాడుతున్న ప్రోగ్రాములు పైకి వస్తాయి. మెమరీ నిండిపోతే, తెరిచి ఉంచిన బ్రౌజర్ ట్యాబ్‌లు తగ్గించండి. సీపీయూను మీకు తెలిసిన ప్రోగ్రామ్ ఒక్కటే తినేస్తుంటే దాన్ని మూసి మళ్ళీ తెరవండి. పేరు తెలియని సిస్టమ్ ప్రక్రియలను ‘ఎండ్ టాస్క్’ (బలవంతంగా ఆపడం) చేయకండి. అప్‌డేట్ జరుగుతున్నప్పుడో, యాంటీవైరస్ తనిఖీ చేస్తున్నప్పుడో డిస్క్ కొంతసేపు నిండుగా కనిపించడం సహజం కాబట్టి కాసేపు ఓపిక పట్టి చూడాలి. ఎప్పుడు చూసినా డిస్క్ 100 శాతంలోనే ఉండి, కంప్యూటర్‌లో ఉన్నది పాతకాలపు తిరిగే హార్డ్ డిస్క్ అయితే, దాని స్థానంలో ఎస్ఎస్‌డీ (తిరిగే భాగాలు లేని, వేగవంతమైన డిస్క్) వేయించడం కంటే మంచి మందు లేదని నా గట్టి అభిప్రాయం. కొత్త కంప్యూటర్ కొనాలనుకునేవారు ముందు ఈ మార్పు గురించి ఆలోచించాలి.

అదే టాస్క్ మేనేజర్‌లో ‘స్టార్టప్ యాప్స్’ విభాగం తెరిచి, కంప్యూటర్ ఆన్ కాగానే తమంతట తాము మొదలయ్యే ప్రోగ్రాముల్లో అవసరం లేనివాటిని డిసేబుల్ చేయండి. ఇది ప్రోగ్రామును తీసివేయడం కాదు. మీరు తెరిచినప్పుడు అది మామూలుగానే పనిచేస్తుంది. హార్డ్ డిస్క్ నుంచి టిక్కు టిక్కుమని మాటిమాటికీ శబ్దం వస్తుంటే మాత్రం వేగం సంగతి పక్కనపెట్టి, మిగతా ప్రయోగాలన్నీ ఆపి, ముఖ్యమైన ఫైళ్ళను వెంటనే మరో డిస్క్‌లోకి కాపీ చేసుకోవాలి.

నెట్ రానప్పుడు

వైఫై గుర్తు కనిపించినంత మాత్రాన ఇంటర్నెట్ ఉన్నట్లు కాదు. మీ ఫోన్ రౌటర్ దాకా చేరిందని మాత్రమే దాని అర్థం. అదే వైఫైకి కలిపిన మరో ఫోన్‌లో కూడా నెట్ రాకపోతే రౌటర్ ప్లగ్ తీసి, అర నిమిషం ఆగి, మళ్ళీ పెట్టి, దీపాలన్నీ కుదుటపడేవరకు రెండు మూడు నిమిషాలు ఆగండి. అయినా రాకపోతే కనెక్షన్ ఇచ్చినవారికి చెప్పాలి. ఈ దశలో రౌటర్ వెనక సూదిమొన పట్టేంత రంధ్రంలో ఉండే రీసెట్ బటన్‌ను నొక్కకండి. అది రౌటర్‌లోని సెట్టింగులన్నీ చెరిపేసి, లేని సమస్యను కొత్తగా తెచ్చిపెడుతుంది.

మిగతావారికి వచ్చి మీకొక్కరికే రాకపోతే ఫ్లైట్ మోడ్ ఆన్ చేసి ఆపండి, వీపీఎన్ యాప్ (మీ నెట్‌ను మరో సర్వర్ మీదుగా మళ్ళించేది) ఏదైనా నడుస్తోందేమో చూడండి, ఆపైన వైఫై పేరును ‘ఫర్గెట్’ చేసి పాస్‌వర్డ్ కొత్తగా ఇవ్వండి. రౌటర్‌కు దూరంగా ఉన్న గదిలో నెట్ తడబడుతుంటే 5 గిగాహెర్ట్జ్ బదులు 2.4 గిగాహెర్ట్జ్ నెట్‌వర్క్‌కు మారి చూడండి. దాని వేగం తక్కువే అయినా గోడలు దాటి దూరం పోగలదు.

ఏ సైట్ తెరిచినా ‘ఈ కనెక్షన్ సురక్షితం కాదు’ అని వస్తుంటే ముందు కంప్యూటర్‌లోని తేదీ, సమయం చూడండి. సైట్ అసలైనదేనని బ్రౌజర్‌కు రుజువు చేసే భద్రతా సర్టిఫికెట్ ప్రతిదానికీ ఒక గడువు ఉంటుంది. మీ తేదీ ఏళ్ళు వెనక్కి పోయి ఉంటే బ్రౌజర్ దృష్టిలో ఆ సర్టిఫికెట్లన్నీ చెల్లనివే. డెస్క్‌టాప్ కంప్యూటర్ ఆపిన ప్రతిసారీ తేదీ తప్పుతుంటే మదర్‌బోర్డు మీద ఉండే నాణెం ఆకారపు బ్యాటరీ అయిపోయిందని అర్థం. చాలా బోర్డుల్లో వాడేది సీఆర్2032 రకం.

ఛార్జింగ్, బ్యాటరీ

కేబుల్ కాస్త కదిపితే ఛార్జింగ్ ఆగిపోతోందంటే, పోర్ట్ చెడిపోయిందని తేల్చేముందు దాని లోపలికి టార్చ్ వేసి చూడండి. జేబులోని నూగు, దుమ్ము లోపలికి చేరి, కేబుల్ పెట్టిన ప్రతిసారీ ఇంకాస్త అణిగి, అడుగున దూది ముక్కలా గట్టిపడి ఉంటుంది. కేబుల్ చివరిదాకా దిగకుండా కొద్దిగా బయటికి నిలబడి ఉండడమే దానికి గుర్తు. ఫోన్ స్విచాఫ్ చేసి, పొడిగా ఉన్న సన్నని చెక్క పుల్లతో అంచుల వెంట మెల్లగా గీకి బయటికి లాగండి. లోహపు పిన్ను, సూది వాడకండి. లోపలి కాంటాక్టులు దెబ్బతింటాయి.

పోర్ట్‌లో తడి ఉందని ఫోన్ హెచ్చరిస్తే కేబుల్ తీసేసి, పోర్ట్ కిందికి ఉండేలా పట్టుకుని అరచేతికి మెల్లగా తట్టి, గాలి తగిలేచోట ఆరనివ్వండి. బియ్యంలో పెట్టడం మంచిది కాదు. దాని పొడి, నూకలు పోర్ట్‌లోకి పోయి కొత్త తంటా తెస్తాయి.

ఫోన్లలో ఉండే లిథియం అయాన్ బ్యాటరీ సామర్థ్యం వాడకంతో తగ్గుతుంది, వేడి తగిలితే మరింత త్వరగా తగ్గుతుంది. ఐఫోన్‌లో సెట్టింగ్స్, బ్యాటరీ, బ్యాటరీ హెల్త్ చూస్తే ఎంత మిగిలిందో తెలుస్తుంది. 80 శాతానికి దిగువకు పోతే బ్యాటరీ మార్పించడం గురించి ఆలోచించవచ్చు. ఫోన్ వెనక మూత పైకి లేచినా, ల్యాప్‌టాప్ బల్ల మీద సమంగా కూర్చోకపోయినా, టచ్‌ప్యాడ్ ఉబ్బి నొక్కుడు పడకపోయినా బ్యాటరీ ఉబ్బిందేమోనని అనుమానించాలి. అలాంటప్పుడు ఛార్జింగ్ పెట్టకండి, మూతను నొక్కి మూయడానికి ప్రయత్నించకండి. వాడడం ఆపి, నేరుగా సర్వీసు సెంటర్‌కు తీసుకువెళ్ళండి.

‘వైరస్ వచ్చింది’ అని తెర అరిచినప్పుడు

బ్రౌజర్‌లో ఏదో చదువుతుండగా తెర నిండా ఎర్రని హెచ్చరిక, బీప్ శబ్దం, ‘వెంటనే ఈ నంబరుకు ఫోన్ చేయండి’ అన్న ఆదేశం వస్తే భయపడవద్దు. ఒక వెబ్ పేజీ మీ కంప్యూటర్‌ను తనిఖీ చేసి వైరస్‌ను పట్టుకోలేదు. విండోస్ ఇచ్చే అసలైన హెచ్చరికల్లో ఫోన్ నంబరు ఉండదు. ఆ పేజీలో ఎక్కడా, మూసేయడానికన్నట్లు చూపించే గుర్తు మీద కూడా, క్లిక్ చేయకుండా ఎస్కేప్ మీటను కొన్ని క్షణాలు నొక్కి పట్టుకుని, ఆ తరువాత ఆల్ట్, ఎఫ్4 కలిపి నొక్కండి. లొంగకపోతే టాస్క్ మేనేజర్‌లో బ్రౌజర్‌ను ఎండ్ టాస్క్ చేయండి. మళ్ళీ తెరిచినప్పుడు పాత పేజీలు రీస్టోర్ చేయమంటారా అని అడిగితే వద్దనండి.

బ్రౌజర్ మూసి ఉన్నా ఇలాంటి హెచ్చరికలు తెర మూలన పదే పదే వస్తుంటే, చాలా సందర్భాల్లో కారణం వైరస్ కాదు. ఎప్పుడో ఒక సైట్ ‘నోటిఫికేషన్లు పంపవచ్చా’ అని అడిగితే, అదేమిటో చదవకుండా ‘అలౌ’ నొక్కి ఉంటారు. క్రోమ్ సెట్టింగ్స్‌లో సైట్ సెట్టింగ్స్, అందులో నోటిఫికేషన్స్ తెరిచి, అనుమతి పొందిన సైట్ల జాబితాలో మీరు గుర్తుపట్టనివన్నీ తొలగించండి.

ఒకవేళ ఇప్పటికే ఆ నంబరుకు ఫోన్ చేసి, వారు చెప్పిన యాప్ వేసుకుని, మీ తెరను వారికి అప్పగించి ఉంటే సిగ్గుపడుతూ సమయం పోగొట్టుకోవద్దు. ఇలా మోసపోయినవారిలో చదువుకున్నవారు, అనుభవం ఉన్నవారు కూడా ఉన్నారు. ముందు నెట్ ఆపేయండి. ఆ యాప్‌ను తీసేయండి. మరో ఫోన్ నుంచి, మీ కార్డు వెనక ముద్రించి ఉన్న నంబరుకే బ్యాంకుకు ఫోన్ చేసి లావాదేవీలు నిలిపివేయించండి, ఆపైన మెయిల్ పాస్‌వర్డ్‌తో మొదలుపెట్టి ముఖ్యమైన పాస్‌వర్డ్‌లన్నీ మార్చండి. మెయిల్‌ను ముందు మార్చమనడానికి కారణం ఉంది: మెయిల్ చేతిలో ఉన్నవారు మిగతా ఖాతాల పాస్‌వర్డ్‌లను సులభంగా మార్చుకోగలరు.

రీసెట్ తప్పనిసరైతే

ఇవన్నీ చూశాక కూడా దారికి రాకపోతే అప్పుడు రీసెట్ చేయవచ్చు. అంతకుముందు ఫొటోలు, పత్రాలు కాపీ చేసుకోవడమే కాదు, ఆ కాపీని మరో పరికరంలో తెరిచి నిజంగా తెరుచుకుంటున్నాయో లేదో చూడండి. బ్యాకప్ ఉందనుకోవడం వేరు, ఉందని చూసుకోవడం వేరు. వాట్సాప్ బ్యాకప్ చివరిసారి ఏ తేదీన జరిగిందో ఆ యాప్‌లోనే చూడవచ్చు. లాగిన్ కోడ్‌లు ఇచ్చే ఆథెంటికేటర్ యాప్ వాడుతుంటే దాన్ని ముందుగానే మరో ఫోన్‌కు మార్చుకోవాలి, లేకపోతే పాస్‌వర్డ్ తెలిసినా మీ ఖాతాలోకి మీరే వెళ్ళలేరు.

ఫోన్‌లో ఉన్న గూగుల్ ఖాతా పాస్‌వర్డ్ గుర్తుందో లేదో కూడా రీసెట్‌కు ముందే తేల్చుకోండి. దొంగల నుంచి రక్షణ కోసం, ఆండ్రాయిడ్ ఫోన్‌ను రికవరీ మెనూ (ఫోన్ ఆఫ్‌లో ఉండగా బటన్లు నొక్కి తెరిచే మెనూ) నుంచి రీసెట్ చేస్తే తెరుచుకోగానే పాత ఖాతా వివరాలో, పాత లాక్ పిన్నో అడుగుతుంది. విండోస్‌లో ‘రీసెట్ దిస్ పీసీ’ చేసేటప్పుడు ‘కీప్ మై ఫైల్స్’ ఎంచుకుంటే సొంత ఫైళ్ళు ఉండి, వేసుకున్న ప్రోగ్రాములు పోతాయి. డిస్క్‌కు బిట్‌లాకర్ (డిస్క్‌లోని సమాచారాన్ని తాళం వేసి ఉంచే విండోస్ ఏర్పాటు) రక్షణ ఉంటే 48 అంకెల రికవరీ కీ అడగవచ్చు. చాలా కంప్యూటర్లలో అది మీ మైక్రోసాఫ్ట్ ఖాతాలో భద్రపరిచి ఉంటుంది కాబట్టి ముందే తీసి కాగితం మీద రాసుకోండి.

రిపేరుకు ఇవ్వవలసి వస్తే సిమ్, మెమరీ కార్డు తీసుకుని, స్టార్ హ్యాష్ 06 హ్యాష్ డయల్ చేసి కనిపించే ఐఎంఈఐ నంబరు (ప్రతి ఫోన్‌కూ ప్రత్యేకంగా ఉండే గుర్తింపు సంఖ్య) రాసుకోండి. పరీక్షించడానికి లాక్ పిన్ కావాలని వారు అడిగితే వెంటనే చెప్పేయకండి. సామ్‌సంగ్ ఫోన్లలో చాలావాటికి ‘మెయింటెనెన్స్ మోడ్’, పిక్సెల్ ఫోన్లకు ‘రిపేర్ మోడ్’ ఉన్నాయి. అది ఆన్ చేసి ఇస్తే మీ ఫొటోలు, సందేశాలు, ఖాతాలు వారికి కనిపించకుండానే ఫోన్‌ను పరీక్షించుకోగలుగుతారు. ఫోన్ తిరిగి తీసుకున్నప్పుడు అక్కడే మీ పిన్‌తో ఆ మోడ్ నుంచి బయటికి వచ్చి, స్పీకర్, మైక్, కెమెరా, ఛార్జింగ్ నాలుగూ పనిచేస్తున్నాయో లేదో చూసుకుని అప్పుడు బయల్దేరండి.